టూర్బియాన్‌కి నిలకడ కావాలి, ఆటోమేటిక్‌కి కదలిక కావాలి

తనంతట తానే కీ ఇచ్చుకునే ఆటోమేటిక్ వాచీ చెయ్యి ఊగితేనే బతుకుతుంది. టూర్బియాన్ అంటే భూమ్యాకర్షణ తెచ్చే తేడాను సగటు చేయడానికి, కాలం కొలిచే భాగాలను తిప్పే పంజరం. దాని సంగతి వేరు. వాచీ ఇంకా చేతికి ఎక్కని రోజుల్లో, కోటు జేబులో గొలుసుకు వేలాడుతూ రోజంతా నిటారుగా ఉండిపోయే గడియారం కోసం పుట్టిన ఏర్పాటు అది. ఒకదానికి కదలిక ప్రాణం, రెండోదానికి కదలకుండా నిలబడటమే పుట్టుకకు కారణం. ఈ రెండింటినీ చేతి మీద పట్టేంత పెట్టెలో ఇమిడ్చి, కోట్ల రూపాయల దాకా ధర పెట్టి అమ్ముతున్నారు. ఇందులో ఇంజనీరింగ్ ఎంత, ఆడంబరం ఎంత అని అడగడం న్యాయమే. జవాబు చెప్పాలంటే మాత్రం లోపలి చక్రాల దాకా దిగాలి.

రెండూ ఒకే మనిషి చేతి మీదుగా నడిచాయి. అబ్రహాం-లూయీ బ్రెగే 1747లో స్విట్జర్లాండ్‌లోని నషాటెల్‌లో పుట్టి, పారిస్‌లో దుకాణం పెట్టుకున్నాడు. నడిస్తే తనంతట తానే కీ ఇచ్చుకునే జేబు గడియారాలను 1780 ప్రాంతంలోనే తయారు చేశాడు. ఆ ఆలోచన ఆయనకు ముందే ఉంది. 1777లో ల లోక్ల్ ఊళ్లో పెర్లే, 1778లో లియేజ్‌లో సార్తోన్ ఈ దారిలో పని చేశారు. మొదటివాడెవరన్న తగాదా చరిత్రకారుల మధ్య ఇప్పటికీ నడుస్తూనే ఉంది. టూర్బియాన్ విషయంలో తగాదా లేదు. 1801 జూన్ 26న ఫ్రాన్స్‌లో పదేళ్ల పేటెంట్ బ్రెగే పేరిటే వచ్చింది. ఫ్రెంచిలో ఆ మాటకు సుడిగాలి అని అర్థం. ఆయన బతికుండగా అమ్ముడైన టూర్బియాన్లు నలభై లోపే. అయినా ఈ రెండు ఆలోచనలూ చేతి గడియారంలో కలిసి అమ్మకానికి వచ్చింది 1986లో. నూట ఎనభై అయిదేళ్ల ఆలస్యానికి కారణం బద్ధకం కాదు, చోటు లేకపోవడం.

లోపల తిరిగేది ఏమిటి

మామూలు మెకానికల్ వాచీలో బ్యారెల్ అనే గుండ్రటి డబ్బాలో చుట్టుకున్న మెయిన్‌స్ప్రింగ్ విప్పుకుంటూ చక్రాల వరసను తిప్పుతుంది. ఆ వరస చివర శక్తిని కొద్దికొద్దిగా వదిలే ఎస్కేప్ వీల్, దాన్ని ఆపి వదిలే పాలెట్ ఫోర్క్, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్, దాని మధ్యలో వెంట్రుక లాంటి హెయిర్‌స్ప్రింగ్ ఉంటాయి. కాలాన్ని కొలిచేది ఈ చివరి గుంపే. బ్యాలెన్స్ వీల్ అంచులో ఒకచోట రవ్వంత బరువు ఎక్కువైనా, హెయిర్‌స్ప్రింగ్ ఊపిరి పీల్చినట్టు విచ్చుకునేటప్పుడు దాని బరువు కేంద్రం పక్కకు జరిగినా, వాచీని నిటారుగా పట్టుకున్నప్పుడు భూమ్యాకర్షణ ఆ తేడాను పట్టేస్తుంది. కీ ఇచ్చే బిళ్ల పైకి ఉంటే ఒక వేగం, ఎడమకు ఉంటే ఇంకో వేగం.

లెక్క వేసి చూద్దాం. ఒక వాచీ కీ పైకి ఉన్నప్పుడు రోజుకు 8 సెకన్లు ముందుకు పోతోంది, కిందికి ఉంటే 8 సెకన్లు వెనకబడుతోంది, కుడికి 2 ముందు, ఎడమకు 2 వెనక అనుకుందాం. ఇది కోటు జేబులో ఎప్పుడూ కీ పైకే ఉంటుంది కాబట్టి నెలకు నాలుగు నిమిషాలు ముందుంటుంది. బ్రెగే తేడాను సరిచేయడానికి పోలేదు. కాలం కొలిచే గుంపు మొత్తాన్ని ఒక పంజరంలో పెట్టి, ఆ పంజరాన్నే నిమిషానికో చుట్టు తిప్పాడు. ఇప్పుడు ప్రతి దిక్కు వాటాకూ పదిహేనేసి సెకన్లు వస్తాయి. ఎనిమిదికి ఎనిమిది, రెండుకు రెండు కొట్టుకుపోతాయి. తప్పు పోలేదు, సగటులో కరిగింది.

పంజరాన్ని తిప్పే ఏర్పాటు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మామూలు వాచీలో తిరిగే నాలుగో చక్రాన్ని ఇక్కడ అడుగు పలకకు బిగించేస్తారు. అది కదలదు. మూడో చక్రం నేరుగా పంజరాన్ని తోస్తుంది. పంజరం తిరిగేసరికి అందులోని ఎస్కేప్ వీల్ పినియన్, అంటే దాని ఇరుసు మీది చిన్న పళ్ల చక్రం, బిగించిన చక్రం పళ్ల చుట్టూ దొర్లుతుంది. ఆ దొర్లుడే ఎస్కేప్ వీల్‌కు శక్తి. చూసేవాళ్లకు పంజరం నున్నగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది గెంతుతుంది. గంటకు 21,600 కొట్టుళ్ల వాచీ అయితే సెకనుకు ఆరు గెంతులు, గెంతుకు కచ్చితంగా ఒక డిగ్రీ. రోజుకు 5,18,400 సార్లు పంజరం ఆగాలి, మళ్లీ కదలాలి.

ఇక్కడే మెయిన్‌స్ప్రింగ్ జేబుకు చిల్లు పడుతుంది. ఆగిన బరువును మళ్లీ కదిలించడానికి శక్తి కావాలి. ఆ ఖర్చు బరువుతో పాటు పెరుగుతుంది, బరువు కేంద్రానికి ఎంత దూరంలో ఉందన్నదాని వర్గంతో ఇంకా వేగంగా పెరుగుతుంది. పంజరం రెట్టింపు వెడల్పైతే అంచున ఉన్న ప్రతి రవ్వా నాలుగు రెట్లు భారమనిపిస్తుంది. అందుకే ఉక్కును వదిలి టైటానియం పట్టుకున్నారు. ఉక్కు సాంద్రత 7.8 అయితే టైటానియంది 4.5. బ్రెగే పేరుతో నడుస్తున్న కంపెనీ 2013లో తెచ్చిన 581 కాలిబర్‌లో (కాలిబర్ అంటే యంత్రం రకం) టైటానియం పంజరం బరువు 0.290 గ్రాములు.

టూర్బియాన్ చేయలేనిదాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రకటనల్లో ఇది కనపడదు. వాచీని బల్ల మీద పడుకోబెడితే పంజరం నేలకు సమాంతరంగా తిరుగుతుంది, భూమ్యాకర్షణ దిశ దానికి ఏ మాత్రం మారదు. డయల్ పైకి, డయల్ కిందికి ఉన్న స్థితుల్లో అది మామూలు వాచీయే. పడుకోబెట్టినప్పటి వేగానికీ నిలబెట్టినప్పటి వేగానికీ ఉన్న తేడా అలాగే ఉంటుంది. నిటారు స్థితులన్నీ కలిసి ఒకే వేగం అవుతాయి, అంతే. వాచీ సరిచేసేవాడికి ఇది చిన్న మేలు కాదు. ఆరు స్థితులను సర్దే పని మూడుకు తగ్గుతుంది. మిగిలిన తేడాను కూడా పట్టాలని 2004లో గ్రూబెల్ ఫోర్సీ పంజరంలో పంజరాన్ని 30 డిగ్రీలు వాల్చింది. అదే ఏడాది జెగర్-లెకూల్ట్ రెండు ఇరుసుల మీద తిరిగే పంజరం పెట్టింది. అవి కీ ఇచ్చే వాచీలు, ఆ కథ వేరు.

చేతి మీదికి వచ్చిన దారి

చేతి మీద టూర్బియాన్ మొదట అలంకారంగా రాలేదు, పోటీల కోసం వచ్చింది. 1947లో ఒమేగా పన్నెండు యంత్రాలు తయారు చేసింది. ఖగోళ పరిశోధనాలయాలు నిర్వహించే కాలమాన పరీక్షల్లో నెగ్గడమే వాటి పని. వాటి పంజరం నిమిషానికి కాక ఏడున్నర నిమిషాలకు ఒక చుట్టు తిరిగేది. నెమ్మదిగా తిరిగితే శక్తి ఖర్చు తక్కువ. ఆ పరీక్షల్లో వాచీని ఒక్కో స్థితిలో రోజుల తరబడి కదలకుండా ఉంచేవారు కాబట్టి సగటుకు తొందరేమీ లేదు.

ఇటు ఆటోమేటిక్ తన దారిన తాను పెరిగింది. జాన్ హార్‌వుడ్ 1920ల్లో చేతి వాచీలో మొదట పెట్టింది పూర్తిగా తిరిగే చక్రం కాదు, సుత్తి. ఒక బరువు కొంత వంపు మేర ఊగి, రెండు వైపులా స్ప్రింగులకు తగిలి వెనక్కి వచ్చేది. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ తట్టు వినపడేది. 1931లో రోలెక్స్ 360 డిగ్రీలూ తిరిగే బరువును, అంటే రోటర్‌ను తెచ్చింది. 1948లో ఎటెర్నా ఆ రోటర్‌ను బాల్‌బేరింగుల మీద నిలిపింది. 1950ల్లో బ్యురెన్, యూనివర్సల్ జెనీవ్ కంపెనీలు రోటర్‌ను కుదించి, చక్రాల పక్కనే వాటి ఎత్తులోనే గూడు కట్టాయి. అదే మైక్రోరోటర్.

ఆ తరవాత బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ వచ్చి స్విస్ పల్లెల్లో పొయ్యిల మీద నీళ్లు పోసింది. చిత్రమేమిటంటే ఆటోమేటిక్ టూర్బియాన్ పుట్టుకకు కావలసిన కిటుకు అక్కడి నుంచే దొరికింది. 1979 నాటి డెలిరియం అనే క్వార్ట్జ్ వాచీ మందం 1.98 మిల్లీమీటర్లు. అంత పలుచన ఎలా వచ్చిందంటే, యంత్రానికి విడిగా అడుగు పలక లేదు. వాచీ వెనక మూతే అడుగు పలక. చక్రాలు తిరిగే గుంటలు మూతలోనే తొలిచారు. దాని వెనకున్న ఇంజనీర్లలో మోరిస్ గ్రిమ్, ఆంద్రే బేనర్ ఉన్నారు. పలుచని టూర్బియాన్ ఆలోచన కూడా వాళ్లదే. దాన్ని ఒడెమార్ పిగే కంపెనీ చేతిలోకి తీసుకుంది.

1986లో వచ్చిన ఆ వాచీ పేరు 25643, లోపలి యంత్రం 2870 కాలిబర్. యంత్రం మందం 2.5 మిల్లీమీటర్లు. టైటానియం పంజరం వ్యాసం 7.2 మిల్లీమీటర్లు, అప్పటికి అంత చిన్న పంజరం లేదు. కీ ఇచ్చుకోవడానికి పెట్టింది పూర్తి రోటర్ కాదు, హార్‌వుడ్ నాటి సుత్తే, కాకపోతే ప్లాటినం-ఇరిడియం మిశ్రమంతో. తక్కువ వంపులో ఊగే బరువు కాబట్టి దాన్ని వీలైనంత సాంద్రమైన లోహంతో చేయక తప్పలేదు. పక్కన కీ లేదు, టైము మార్చే బిళ్ల వెనక వైపు ఉంది. టూర్బియాన్ కిటికీ డయల్ పైన ఎడమ మూలన, అక్కడి నుంచి సూర్యకిరణాల్లా గీతలు. సుమారు నాలుగు వందలు మాత్రమే తయారయ్యాయి.

చూడ్డానికి అద్భుతం, మరమ్మతు చేసేవాడికి తలనొప్పి. మూతే అడుగు పలక అయినప్పుడు యంత్రాన్ని పెట్టెలోంచి బయటికి తీసే ప్రశ్నే లేదు. బల్ల అంచుకు కొట్టుకుని వెనక మూత రవ్వంత లోపలికి వంగిందా, అది పెట్టె సొట్ట కాదు, చక్రాల ఇరుసుల మధ్య దూరమే మారిపోతుంది. మామూలు వాచీలో పెట్టె దెబ్బ తింటుంది, యంత్రం బతుకుతుంది. ఇందులో రెండూ ఒకటే. ముప్పై ఆరేళ్ల తరవాత, 2022లో అదే కంపెనీ తెచ్చిన 2968 కాలిబర్ మందం 3.4 మిల్లీమీటర్లు. అంటే మనవడు తాతకంటే లావు. దీన్ని వెనకడుగు అనుకోవడం పొరపాటు. ఇది విడిగా నిలబడే యంత్రం, పూర్తిగా తిరిగే రోటర్ ఉంది, పంజరాన్ని అడుగు నుంచి కాక అంచు పళ్లు పట్టి తిప్పే ఏర్పాటు ఉంది. ఆ 0.9 మిల్లీమీటర్లతో కొనుక్కున్నది బాగుచేసుకునే వీలు.

రోటర్ ఎక్కడ పెట్టాలి?

అసలు తగాదా అంతా చోటు గురించే. టూర్బియాన్ నిలువునా ఎత్తు తింటుంది. అడుగున బిగించిన చక్రం, దాని మీద ఎస్కేప్ వీల్, దాని పైన బ్యాలెన్స్, ఆ పైన పంజరాన్ని పట్టి ఉంచే వంతెన. రోటర్ దాని మీదుగా తిరగాలంటే ఇంకో అంతస్తు కట్టాలి. మధ్యలో తిరిగే రోటర్ కీ ఇవ్వడంలో అన్నిటికంటే మెరుగు, కానీ మందం పెంచుతుంది, వెనక అద్దంలోంచి చూస్తే సగం యంత్రాన్ని కప్పేస్తుంది.

రోటర్ పుట్టించే బలం మూడు వాటి లబ్ధం: బరువు, భూమ్యాకర్షణ, కేంద్రం నుంచి బరువుకు ఉన్న దూరం. మైక్రోరోటర్‌లో దూరం తక్కువ, కాబట్టి బరువుతో పూడ్చాలి. ఇత్తడి సాంద్రత 8.5 దగ్గర, టంగ్‌స్టన్ 19.3, ప్లాటినం 21.4. మైక్రోరోటర్లు బంగారంతోనో ప్లాటినంతోనో చేయడం షోకు కోసమే అనుకుంటారు. అందులో షోకు పాలు లేకపోలేదు గానీ, ఇత్తడితో చేస్తే ఆ వాచీ రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి చేతి మీద సాయంత్రానికి నీరసపడుతుంది. జిరార్ పెర్రెగో తన మూడు బంగారు వంతెనల టూర్బియాన్‌ను 1999లో ఆటోమేటిక్ చేసినప్పుడు మైక్రోరోటర్‌ను పక్కన కాక బ్యారెల్ అడుగునే దాచింది. డయల్ వైపు నుంచి చూస్తే అది ఆటోమేటిక్ అని తెలియనే తెలియదు. వాచీలో దాపరికం కూడా ఒక కళే.

మూడో దారి, ఇప్పుడు చాలామంది పోతున్న దారి, యంత్రం చుట్టూ గాజులా తిరిగే అంచు రోటర్. బరువంతా కేంద్రానికి అతి దూరంలో ఉంటుంది కాబట్టి పలుచగా ఉన్నా బలం వస్తుంది, యంత్రం మీద కప్పు పడదు. ఇది కొత్త ఆలోచన కాదు, పేటెంట్ 1955 నాటిది. అంత పెద్ద వలయాన్ని వంకర లేకుండా కోసి, దెబ్బ తగిలినా గాడి తప్పకుండా నిలపడం అప్పట్లో కష్టం కావడంతో పెద్దగా వాడుకలోకి రాలేదు. 581 కాలిబర్‌లో ఈ రోటర్ వల్లే యంత్రం మొత్తం 3 మిల్లీమీటర్లలో ముగిసింది, కీ 90 గంటలు నిలుస్తుంది. వాషెరాన్ కాన్‌స్టాంటిన్ 2160 కాలిబర్‌లో 188 భాగాలు, మందం 5.65 మిల్లీమీటర్లు, 80 గంటల నిల్వ. అది గంటకు 18,000 కొట్టుళ్లతో నెమ్మదిగా నడుస్తుంది, పంజరానికి గెంతులు తగ్గి స్ప్రింగుకు ఆయువు పెరుగుతుంది. 2018లో బుల్గారి బీవీఎల్ 288తో ఆ పందేన్ని చివరికంటా తీసుకెళ్లింది. యంత్రం మందం 1.95 మిల్లీమీటర్లు, పెట్టెతో కలిపి 3.95.  ఎత్తు ఆదా కోసం అందులో పంజరం పై వంతెనను తీసేశారు. కింది వైపు నుంచి మాత్రమే పట్టుకుని నిలిచే ఈ ఎగిరే టూర్బియాన్ జర్మనీలోని గ్లాష్యూటెలో ఆల్ఫ్రెడ్ హెల్విగ్ 1920లో చేసినది. ఒంటికాలి మీద నిలిచిన పంజరం కాబట్టి కుదుపు భారమంతా ఒకే బేరింగ్ మీద పడుతుంది. బుల్గారి అక్కడ బాల్‌బేరింగులు పెట్టింది.

మరి కలిస్తే లాభమేమిటి

చేతి మీద వాచీ మాటిమాటికీ దిక్కు మారుతుంది. ఆ మార్పే సగం సగటు చేసిపెడుతుంది, పంజరానికి మిగిలే పని తక్కువ. అందుకే చేతి వాచీలో టూర్బియాన్ అవసరం కాదు, అందం అనేవాళ్లతో వాదించడం కష్టం. కానీ ఆటోమేటిక్ వల్ల టూర్బియాన్‌కు ఒక నిజమైన మేలుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. పంజరాన్ని మోసే స్ప్రింగు నిండుగా ఉన్నప్పుడు బ్యాలెన్స్ బాగా ఊగుతుంది, సగం దిగాక ఊపు తగ్గుతుంది, వేగం మారుతుంది. పొద్దున్నే కీ ఇచ్చే హెచ్ఎంటీ జనతా వాచీలోనూ సాయంత్రానికి జరిగేది ఇదే, కాకపోతే అది పంజరం మోయదు కాబట్టి తట్టుకుంటుంది. ఆటోమేటిక్ అయితే చేతి మీద ఉన్నంతసేపూ స్ప్రింగు నిండు దగ్గరే ఉంటుంది. ఎప్పుడూ ఆకలిగా ఉండే యంత్రానికి గంటగంటకూ కాస్తంత పెట్టడం లాంటిది.

దీనికి గట్టి సాక్ష్యం ఉంది. 2009లో ల లోక్ల్‌లో కాలమాన పోటీని మళ్లీ మొదలుపెట్టారు. కుదుపులు, అయస్కాంతం తట్టుకోవడం కూడా పరీక్షలో భాగం. గెలిచింది జెగర్-లెకూల్ట్ 978 కాలిబర్, ఆటోమేటిక్ టూర్బియాన్, 1000కి 909 మార్కులు. కాకపోతే వేగం కొలిచేటప్పుడు వాచీని స్థితుల వారీగా కదలకుండా ఉంచే కొలిచారు, అది టూర్బియాన్ సొంతగడ్డ.

ధరలు కూడా దిగివచ్చాయి. 2016లో ట్యాగ్ హోయర్ స్టాప్‌వాచ్‌తో కలిపి ఆటోమేటిక్ టూర్బియాన్‌ను పదిహేను వేల స్విస్ ఫ్రాంకుల స్థాయికి తెచ్చి మిగతా కంపెనీలకు చిరాకు తెప్పించింది.

ఇంట్లో ఇలాంటిది ఉన్నవాళ్లు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. రోటర్ ఉంది కదా అని ఆగిపోయిన వాచీని ఊపి నడపకూడదు. బ్యారెల్ ఒక్క చుట్టు తిరగడానికి రోటర్ వంద చుట్లకు పైగా తిరగాలి, నాలుగు ఊపులకు స్ప్రింగు అడుగున మాత్రమే కీ పడి పంజరం ఈడ్చుకుంటూ నడుస్తుంది. కీ ఉంటే ముందు చేత్తో ఇరవై ముప్పై చుట్లు ఇచ్చి, తరవాత పెట్టుకోవాలి. ఎక్కువ ఇస్తే తెగుతుందన్న భయం ఆటోమేటిక్‌కు లేదు. స్ప్రింగు బయటి కొస బ్యారెల్ గోడకు కొక్కెం వేసి ఉండదు, నిండగానే గోడ వెంట జారుతుంది. ఆ గోడకు పూసే గ్రీజు మీద చాలా ఆధారపడి ఉంది. త్వరగా జారితే కీ సగం రాత్రికే అయిపోతుంది. జారవలసినప్పుడు జారకపోతే బలం ఎక్కువై బ్యాలెన్స్ అతిగా ఊగి, దానికుండే ఇంపల్స్ పిన్ అనే చిన్న మేకు పాలెట్ ఫోర్క్ వెనక వైపుకు తగిలి, వాచీ గుర్రంలా పరుగెత్తుతుంది. రోజుకు నిమిషాలు ముందుకు పోతోందంటే హెయిర్‌స్ప్రింగ్‌ను అనుమానించే ముందు దీన్ని చూడాలి.

టైము సరిగ్గా సెకను దగ్గర ఆపి పెట్టుకుందామంటే చాలా టూర్బియాన్లలో కుదరదు. తిరిగే పంజరంలో ఉన్న బ్యాలెన్స్‌ను బయటి నుంచి ముట్టుకోవడమే కష్టం, తీగ వేస్తే పంజరం స్తంభానికి తగులుతుంది. లాంగె కంపెనీ 2008లో రెండు కొసలున్న సన్నటి స్ప్రింగుతో దాన్ని దాటింది. ఒక కొసకు స్తంభం అడ్డొస్తే రెండోది బ్యాలెన్స్ అంచును పట్టుకుంటుంది.

మరమ్మతు బల్ల మీద మొదట మోసం చేసేది టైమ్‌గ్రాఫర్. టిక్కుటిక్కులు విని వేగం చెప్పే ఆ పెట్టెలో, నిటారుగా పెట్టిన టూర్బియాన్ గీత తిన్నగా రాదు, నిమిషానికి ఒక అల చొప్పున పాములా పోతుంది. సగటు వ్యవధి పది, ఇరవై సెకన్లకు పెట్టి చదివితే అల మీదో లోయలోనో అంకె దొరుకుతుంది. దాన్ని నమ్మి వేగం సర్దే రెగ్యులేటర్ కదిపితే బాగున్న వాచీని చెడగొట్టినట్టే. వ్యవధి 60 సెకన్లు, లేదా దాని గుణిజం పెట్టాలి. అల ఎత్తు ఎంతో చూస్తే మాత్రం లోపల బ్యాలెన్స్ బరువు ఎంత సమంగా ఉందో తెలుస్తుంది. మామూలు వాచీలో నాలుగుసార్లు తిప్పి చూడాల్సింది ఇక్కడ ఒక్క నిమిషంలో కనపడుతుంది.

ఆగిపోయే వాచీ వస్తే మూత తీసే ముందు చూడాల్సింది పంజరం ఏ దిక్కున ఆగిందో. మూడు నాలుగుసార్లు నడిపి ఆగనివ్వాలి. ప్రతిసారీ ఒకే సెకను దగ్గర ఆగితే తప్పు బిగించిన చక్రం దగ్గర ఉంది. పళ్ల మధ్య ఒక నూలు పోగో, వంగిన పన్నో ఉంటుంది, పినియన్ నిమిషానికోసారి దాన్ని ఎక్కలేక ఆగుతుంది. నిటారుగా పెట్టినప్పుడే, అదీ పంజరం ఒక వైపు ఎక్కేటప్పుడే నీరసిస్తే పంజరం బరువు సమంగా లేదు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే తప్పు బిగించిన చక్రంలో కాదు, పంజరం ముందున్న చక్రాల వరసలోనో, కీ అందని బ్యారెల్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు పంజరం జోలికి పోకుండా ముందు రోటర్ చక్రాలు విప్పి చూస్తారు.